ముందు పేరడిగే శ్రీధర్

ఈరోజు బుధవారం. నిన్న పొద్దున్న మా అన్నయ్య కొడుకు శ్రీధర్ కోరాపుట్‌లో చనిపోయాడు.

ఘాట్ రోడ్డు మీద యాక్సిడెంట్ అని ఈ ఫేస్‌బుక్ పేజీలో కొందరు రాస్తున్నారు. కాదు. ఇంట్లోనే, కుర్చీలో కూర్చుని ఉండగా, హార్ట్ ఎటాక్. తప్పు కబురు ఇంకొకరికి చేరేలోపు సరైనది రాయాలని కూర్చున్నాను.

నాకు తెలిసింది ఇలా.

ఫోన్ మోగింది. ఎత్తి "ఎవరు?" అన్నాను.

"హలో" అంది అవతలి గొంతు.

"ఎవరండీ? ముందు పేరు చెప్పాలి."

"తమ్ముడు లేడత్తా."

అది రాజ్యం. శ్రీధర్ అక్క. ఆ పిల్ల పేరు చెప్పకుండా మాట మొదలుపెట్టడం నేను ఎన్నడూ వినలేదు.

మా పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రాయగడలో మాది హోల్‌సేల్ కొట్టు. ఆర్డర్లన్నీ ఫోన్ మీదే. పద్మపూర్ సరుకు మునిగుడకు పోకూడదు. అందుకని ఫోన్ చేసినవాళ్లు ముందు పేరు చెప్పాలి, ఎత్తినవాళ్లు ముందు పేరు అడగాలి. కొత్త కోడలికైనా, పెద్ద అల్లుడికైనా ఒకటే రూల్.

శ్రీధర్ నెట్‌వర్క్ ఇంజనీర్. వాళ్ల కంపెనీ రౌటర్లు మా మేడ మీద అద్దె గదిలో ఉంటాయి. మునిగుడ, పద్మపూర్, గుణుపూర్ ఇంటర్నెట్ లైన్లన్నీ అక్కడి నుంచే. వాడు మాత్రం కోరాపుట్‌లో రాజ్యంతో ఉండేవాడు. రాజ్యానికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది.

రౌటర్ బిగుసుకుపోయినప్పుడల్లా వాడు బస్సెక్కి ఘాట్ దిగి రావాలి. వానాకాలంలో కొండరాయి జారిందంటే ఆ రోజు ఇల్లు చేరడు. అక్కడ రాజ్యం ఒక్కతే.

కంపెనీవాళ్లు రాయగడకు మారిపొమ్మన్నారు. రాజ్యం ఒప్పుకోలేదు.

"నా ట్యూషన్ పిల్లలందర్నీ కూడా బస్సులో ఏసుకుపోదామేటి?" అంది.

వాడు కంపెనీని ఒక్క అవకాశం అడిగాడు. కన్సోల్ సర్వర్ అని ఒక పెట్టె కొనిపించాడు. ఆ వానాకాలం దాంతో నడిస్తే సరే. నడవకపోతే ట్రాన్స్‌ఫర్, లేదా రాజీనామా.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది.

పెట్టె బిగించిన రోజు నేను గుమ్మంలో నిలబడి చూశాను. ప్రతి రౌటర్ వెనక నుంచి ఒక సీరియల్ కేబుల్ తెచ్చి ఆ పెట్టెలో ఒక్కో పోర్టుకు గుచ్చాడు. పెట్టెకు ఒక మోడెం, మోడెంకు ఒక ఫోన్ లైన్. నెట్‌వర్క్ మొత్తం పడిపోయినా కోరాపుట్ నుంచి ఆ ఫోన్‌కు డయల్ చేస్తే రౌటర్ ఎదురుగా కూర్చున్నట్టే.

"తప్పు రౌటర్‌కి పని చెప్పేస్తేనో?" అన్నాను.

"ఒక్కోదానికీ ఊరి పేరు పెట్టేనత్తా. ఎంటర్ కొడితే ముందు దాని పేరు అదే చెబుతాది. అది విన్నాకే ఏటైనా. మన కొట్టు రూలే."

"కొట్టు రూలు కొట్లో చాల్లే. చెప్పులు బయట విడిచేవా?"

"విడిచేను తల్లీ."

తర్వాత విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఇక్కడ యంత్రాలకు బొట్టు పెట్టకుండా ఎవరూ ఊరుకోరు. కంపెనీ అటెండర్ జగన్నాథం సీరియల్ కేబుళ్లన్నీ పీకి, పెట్టెను తళతళలాడేలా తుడిచి, సిందూరం పెట్టి, మందారాలు పెట్టి, మళ్లీ గుచ్చేశాడు. లైన్లకు ఆ కేబుళ్లతో పని లేదు, మామూలుగానే నడిచాయి. ఎవరికీ ఏమీ తెలియలేదు.

తర్వాత పెద్ద వాన పట్టింది. ఘాట్ మూసేశారు. మునిగుడ లైన్ పడిపోయింది.

వాడు కోరాపుట్ నుంచి డయల్ చేసి, మునిగుడ పోర్టు తెరిచి, ఎంటర్ కొట్టాడు. తెర మీద పద్మపూర్ అని వచ్చింది. పేరు అడగకుండా రీస్టార్ట్ కొట్టి ఉంటే నడుస్తున్న లైన్ కూడా పోయేది. పెట్టె పనికిరాదని తేల్చేవారు.

పోర్టులన్నీ ఒక్కొక్కటే తెరిచి పేరు అడిగాడు. మునిగుడ దొరికాక దాన్ని మాత్రమే రీస్టార్ట్ చేశాడు. ఆపైన నాకు ఫోన్ చేశాడు.

"శ్రీధర్ని, అత్తా. మేడ మీద పూజ ఎవరు చేసేరు?"

"జగన్నాథం. ఏటయింది?"

"ఏం లేదు. పూజ బానే చేసేడు. పెళ్లికూతుళ్లనే పీటలు మార్చి కూర్చోబెట్టేడు."

వెనక నుంచి రాజ్యం నవ్వు వినిపించింది. ట్రాన్స్‌ఫర్ మాట కంపెనీ మళ్లీ ఎత్తలేదు.

అప్పటి నుంచి వాడు డయల్ చేస్తే రాజ్యం పక్కన కూర్చుని తెర మీద పేరు పైకి చదివేదట. "గుణుపూర్ వచ్చేడు. ఇప్పుడు సెప్పు, ఏటి సెప్తావో."

శ్రీధర్, లైన్లన్నీ నడుస్తున్నాయి. పొద్దున్నే కనుక్కున్నాను. ఇక నిశ్చింతగా పడుకో నాయనా.

ఇక జరగవలసినవి:

1. కర్మలన్నీ కోరాపుట్‌లోనే. అందరూ ఒకేసారి వచ్చి ఆ చిన్న ఇంట్లో పడవద్దు. వంతులు మా పెద్దకోడలు చెబుతుంది.

2. మేడ మీద గది తాళం నా దగ్గర లేదు, పెద్దకోడలి దగ్గర ఉంది. కంపెనీవాళ్లు పగటిపూట రావచ్చు. పెట్టెకు బొట్టు పెట్టుకోవచ్చు. కేబుల్ పీకకూడదు.

3. రాయగడ వచ్చెయ్యమని రాజ్యంతో ఎవరూ అనవద్దు. వాడు అంత పనీ చేసింది ఆ పిల్ల తన ఇంట్లో ఉండడానికే. రేపటి బస్సుకు నేనే వెళ్తున్నాను. అక్కడే ఉంటాను.

4. ఆ ఇంటికి ఫోన్ చేసినవాళ్లు రాజ్యం "ఎవరు?" అనేవరకు ఆగకండి. ఎత్తగానే మీ పేరు చెప్పండి. వాడేమోనని ఆ పిల్ల ఒక్క క్షణం కూడా అనుకోకూడదు.