ద్వేషం లేదని ఏకగ్రీవ తీర్మానం

దిల్‌సుఖ్‌నగర్‌లో చక్కెర లేని బత్తాయి రసం దొరకదు. వద్దని చెప్పే లోపే దుకాణం అతను రెండు చెంచాలు వేసేస్తాడు. వేశాక అడుగుతాడు, చక్కెర వేయమంటారా అని. దీని గురించి చాలామంది దగ్గర వాపోయాను. అందరూ జాలిగా చూసి, ఈ వయసులోనే షుగరా అన్నారు.

అప్పుడు నేను ఎల్బీ నగర్ కోర్టులో కొత్త వకీలుని. కొత్త అంటే కోటు కొత్తది, కేసులు లేవు. మా సీనియర్ గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డావిడ. ఇంకెవరూ ముట్టుకోని కేసులన్నీ నడుచుకుంటూ ఆవిడ దగ్గరికి వచ్చేవి. అందులో ఒకటి నేను కిరాయికి ఉండే అపార్టుమెంటు వాచ్‌మన్‌ది కావడం నా జాతక ఫలం.

మా గేటు పక్కన నేలలో నీళ్ల సంపు ఉంది. ఒక మధ్యాహ్నం దాని మూత తీసి ఉంది. రెండో అంతస్తులో ఉండే ఒకామె కూతురు, ఒకటో తరగతి పిల్ల, అందులో పడి చనిపోయింది. తాను పైన ఎవరికో గ్యాస్ సిలిండర్ మోస్తుంటే ట్యాంకర్ వాళ్లొచ్చి మూత తీశారని వాచ్‌మన్ అన్నాడు. వాడే తీసి మరిచిపోయాడని కాలనీ అంది. ఎవరు తీశారో చూసినవాళ్లు లేరు. చూడాల్సిన కెమెరా గేటు మీదే ఉంది గానీ అది ఎప్పుడో పాడైంది. ‘మీరు కెమెరా నిఘాలో ఉన్నారు’ అన్న బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు.

పోలీసులు నిర్లక్ష్యం వల్ల మరణమని కేసు పెట్టారు. కాలనీ హత్య అని ఫ్లెక్సీ పెట్టింది. వాయిదా ఉన్న రోజున కాలనీ వాళ్లు వ్యాన్లు కట్టించుకుని వచ్చి కోర్టు వరండా నిండా నిలబడేవారు. మెట్ల దగ్గర ఒకసారి వాచ్‌మన్ చొక్కా చిరిగింది. ఎవరు చింపారో అదీ ఎవరూ చూడలేదు. ఆ మధ్యాహ్నం ట్యాంకర్ రావడం చూసిన ఇస్త్రీ బండి ఆమె, సాక్ష్యం చెప్పమంటే చేతులు జోడించింది.

“గా వరండాలున్న అందరి బట్టలు నా బండి మీదనే ఉంటయి సార్. గాళ్ల ముంగట నేనేం చెప్పాలె? ఏరే ఊళ్ల పెట్టిస్తే చెప్త.”

అలా కేసును వేరే జిల్లాకు మార్చమని హైకోర్టులో పిటిషన్ వేశాం. జడ్జిగారి మీద ఫిర్యాదు చేస్తున్నామేమోనని నా భయం.

“కోర్టు బాగాలేదని మనం అనడంలేదు బాబూ,” అన్నారు సీనియర్. “చుట్టూ గోల ఎక్కువైంది, వినపడే చోటికి తీసుకెళ్లండి అంటున్నాం. అంతే.”

కాలనీ అధ్యక్షుడు మా ఇంటి ఓనరు కూడా. ఈ కాలనీ ఒకప్పుడు వాళ్ల తాతల పొలం. పిటిషన్ సంగతి తెలియగానే సంఘం సమావేశమై, మాకు ద్వేషం లేదని ఏకగ్రీవంగా తీర్మానించింది. రానివాళ్ల ఏకగ్రీవం కోసం ఆయన కాగితం పట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడ్డాడు.

“వకీల్ సాబ్, మీరు గూడ ఓ సంతకం గొట్టుండ్రి.”

“నేను అటుపక్క వకీలుని కదా అన్నా.”

“గందుకే గదా! మీ సంతకం గూడ ఉంటే నిష్పక్షపాతం లెక్క కనిపిస్తది.”

అందులో ఇలా ఉంది: ‘సదరు హంతకునిపై కాలనీవాసులకు ఎలాంటి ద్వేషమూ లేదని, అతనికి కఠిన శిక్ష పడే వరకు నిష్పక్షపాతంగా వ్యవహరించగలమని తీర్మానించడమైనది.’ కింద రౌండు సీలు. సంతకం పెట్టలేదు గానీ, చాలా బాగుందన్నాను.

పాప తల్లి తరఫున కాలనీయే వకీలును పెట్టింది. ఆయన ఆ తీర్మానాన్ని హైకోర్టులో దాఖలు చేశాడు. మలక్‌పేట మీదుగా బస్సులో వెళ్లి, మూసీ ఒడ్డున ఆ గుమ్మటాల కింద నిలబడితే నా కోటు మరీ చిన్నదైపోయినట్టు అనిపించింది. కాలనీ మొత్తం ఒకవైపు, గేటు పక్క గదిలో బతికే ఒక్క మనిషి ఒకవైపు. వీళ్లకు దూరంగా నన్ను విచారించండి అని ఆ ఒక్కడు అడగొచ్చట. అడిగితే ఇంత పెద్ద భవనం పని ఆపి వింటుందట. చదువుకున్నప్పుడు అది నాకు నాలుగు మార్కుల ప్రశ్న.

న్యాయమూర్తి తీర్మానం చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

“ద్వేషం లేనిది ఎవరి మీదండీ?”

“ఆ హంత... నిందితుడి మీదండీ,” అన్నాడు కాలనీ వకీలు.

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి నేను నేలకేసి చూశాను. అప్పుడు వెనక వరుసలో పాప తల్లి లేచింది. చీరల దుకాణంలో పనిచేసే మనిషి, ఎన్నడూ గట్టిగా మాట్లాడగా వినలేదు. మాట్లాడవచ్చా అన్నట్టు చెయ్యెత్తింది. న్యాయమూర్తి తలాడించారు.

“మార్చుండ్రి సార్.”

ఆమె వకీలు వెనక్కి తిరిగి కూర్చోమ్మా అన్నాడు. ఆమె కూర్చోలేదు.

“రోజొకరొచ్చి వాడే తీసిండు, వాడే తీసిండు అంటరు. చూసినవా అంటే లేదంటరు. మూత ఎవరు తీసిండ్రో నాకు తెల్వాలె. కేసు గీడనే ఉంటే ఎన్నటికి తెల్వది.”

కడుపు కోత ఆమెది. తలా కొంచెం కోపం పంచుకుని నింపాదిగా ఉన్నది మేమంతా. కోపం ఎంత వస్తుందో కొలుచుకుని సర్దుకునే మాకు, ఇంత దుఃఖంలో నిజమే కావాలని అడిగే మనిషి మా మధ్యే ఉందని తెలియనే లేదు. మా సీనియర్ సిద్ధం చేసుకున్న వాదన కాగితాలు మెల్లగా మూసేశారు.

కేసును పక్క జిల్లాకు మార్చారు.

బయట మెట్ల మీద కాలనీవాళ్లు ఆమెకు దూరంగా జరిగి నిలబడ్డారు. వాచ్‌మన్ ఏడుస్తూ ఆమె కాళ్ల మీద పడబోయాడు.

“నీ కోసం మార్పియ్యలే,” అంది ఆమె. “నువ్వే తీసినవని తేల్తే, గా కోర్టుకు గూడ నేనే ఒస్త, జైల్లెయ్యమని చెప్పనీకి.”