లగ్గం బిందె, బుడ్డ ట్రాక్టర్

మొన్న మా అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర పెయింటర్ బ్రష్షులు కడుగుతుంటే కిరసనాయిలు వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం ముందు ఆకలేసింది, వెంటనే కోపం వచ్చింది. ఆకలెందుకంటే, మా ఇంట్లో ఆ వాసన గుప్పుమనేది సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు కట్టే రోజుల్లో. కోపమెందుకో చెప్పాలంటే మా బుడ్డ ట్రాక్టర్ సంగతి చెప్పాలి.

మాది ఎల్లారెడ్డి దగ్గర చిన్న ఊరు. బాపు మస్కట్ పోయాక రెండెకరాల కూరగాయల తోట అవ్వ చేతికొచ్చింది. అమ్మను మేము అవ్వ అనే, నాన్నను బాపు అనే పిలుస్తాం. వంకాయ, టమాట, మిరప సాళ్ల మధ్యకు పెద్ద ట్రాక్టర్ దూరదు కాబట్టి బాపు పోయేముందు ఎవరో వాడి వదిలేసిన తోట ట్రాక్టర్ ఒకటి కొనిపెట్టాడు. నీలం రంగు వెలిసిపోయి, బర్రెదూడంత ఎత్తున్న దాన్ని ఊరంతా బుడ్డ ట్రాక్టర్ అనేది. అవ్వ కొంగు నడుముకు చెక్కి, హ్యాండిల్ నాలుగు చుట్లు తిప్పి వదిలితే అది దగ్గి, తుమ్మి, నల్లపొగ కక్కి, చివరికి మాట వినేది. మొదట్లో ఆడమనిషి ఇంజను తిప్పుతుందని నవ్విన మగవాళ్లే, రెండేళ్లు తిరక్కుండా తమ సాళ్లు కూడా దున్నిపెట్టమని మా గుమ్మం ముందు నిలబడ్డారు.

వానకాలమంతా ఆ చప్పుడే మాకు గడియారం. ఇంజను చల్లబడటానికి దాని మీది డబ్బాలో పోసిన నీళ్లు మసులుతుంటే నేనూ తమ్ముడూ పచ్చి పల్లికాయలు గుడ్డలో మూటగట్టి అందులో వేలాడదీసేవాళ్లం, తుప్పు వాసన వేసే ఆ పల్లీల రుచి మళ్లీ ఏ పెద్ద హోటల్లోనూ దొరకలేదు. అరిగిపోయిన బేరింగుల్లోంచి రాలిన ఉక్కు గుండ్లే మాకు గోలీలు, వాటితో ఆడితే బడిలో ఎవరి గాజు గోలీ మిగిలేది కాదు. దసరా ముందు అవ్వ ఇంజను విప్పి, రేషను షాపులో పోసిన నీలి గ్యాసునూనెతో, అంటే కిరసనాయిలుతో, ఒక్కొక్క ముక్కా కడిగి గోనెసంచి మీద వరసగా ఆరబెట్టేది. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, ఆ పక్కనే కూర్చుని రొట్టెలు నలిపి బెల్లంతో ముద్దలు కడుతూ, మలీదకు నూనె వాసన పట్టిందని కోడల్ని తిడుతూ ఉండేది. పండుగనాడు ట్రాక్టర్‌కు పసుపు, బొట్టు, బంతిపూల దండ.

అలాంటి ఇంజను ఒక వానకాలం నడిమిట్లో ఆగింది. పైమూతకూ కింది దిమ్మకూ మధ్య ఉండే పలచని పట్టీ, గ్యాస్కెట్, కాలిపోయింది. సకల జనుల సమ్మెకు బస్సులు బందైన రోజులవి. అవ్వ షేర్ ఆటోల్లో కామారెడ్డి పోయింది, నేనూ వెంట పోయాను. అక్కడి ట్రాక్టర్ల దుకాణం సేటు ఆ కాలిన పట్టీని చేత్తో ముట్టుకోలేదు.

"గా మోడల్ బందైంది. సామాన్లు రావు. కొత్తది తీస్కో. మగోళ్లను తోల్కరా, మాట్లాడుత."

"మగోళ్లు మస్కట్ల ఉన్నరు. కావాల్సింది నాకు," అంది అవ్వ.

అతను అప్పటికే ఇంకొకరితో మాట్లాడుతున్నాడు. దున్నేది ఆవిడ, విప్పేది ఆవిడ, చేతికి మసి అంటించుకునేది ఆవిడ; మాట్లాడటానికి మాత్రం మీసం కావాలి. పదేళ్ల పిల్లను, నాకే ఒళ్లు మండింది.

సమ్మె అయ్యాక, ఎవరో చెప్పగా బాన్సువాడలో బస్సు మారి మహారాష్ట్ర అంచున ఉన్న మద్నూర్ దాకా పోయాం. అక్కడి పాత సామాన్ల దుకాణం తాతకు మరాఠీ తప్ప రాదు, అవ్వకు అది ఒక్క ముక్క రాదు. గ్యాస్కెట్ అతని దగ్గరా లేదు. కానీ అతను కాలిన పట్టీని అట్టముక్క మీద పెట్టి పెన్సిలుతో గీసి ఇచ్చాడు. పక్కనున్న రాగిచెంబును వేలితో కొట్టి చూపించాడు, కత్తిరించినట్టు, నిప్పుల్లో ఎర్రగా కాల్చినట్టు, నీళ్లలో ముంచినట్టు చేతులతో చెప్పాడు. అవ్వ తలూపింది.

ఇంటికొచ్చిన తెల్లారి, పుట్టింటివాళ్లు లగ్గంలో పెట్టిన రాగిబిందె కడుపు కోసింది. బాపమ్మ గుండెలు బాదుకుంది.

"లగ్గం బిందెను కోస్తివి గదనే, నీ చేతులిరుగ."

"తోట ఎండితే గీ బిందెతోని ఏం మోస్తం అత్త?" అంటూనే అవ్వ ఆ రేకును బండమీద సాపు చేసింది. ఆ రాత్రి మాత్రం ఒక్కతే పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. మూడోనాడు ఇంజను నడిచింది.

రెండేళ్ల పైనే నడిచింది. తెలంగాణ వచ్చిన ఏడు, డీజిల్ తోసే చిన్న పంపు పోయింది. దాన్ని బిందెలోంచి కోయలేం కదా. సేటు మళ్లీ లేదన్నాడు, నాలుగుసార్లు తిప్పుకుని నాలుగుసార్లూ లేదన్నాడు, పాతది ఇచ్చి కొత్తది తీసుకొమ్మన్నాడు. నాట్లు దాటిపోతున్నాయని అవ్వ ఒప్పుకుంది. బుడ్డ ట్రాక్టర్‌ను ట్రాలీ ఆటో ఎక్కించి దుకాణం వెనక దొడ్డికి తీసుకుపోయాం.

దొడ్లో అచ్చం మా బండిలాంటివే ఆరు ఉన్నాయి. ఒక పనివాడు సమ్మెటతో వాటి ఇంజన్లు పగలగొడుతున్నాడు. ఇంకా దెబ్బ పడని రెండింటికి పంపులు నిక్షేపంగా ఉన్నాయి.

"గీ పంపు ఇయ్యి. నా బండి నేను ఇంటికి తీస్కపోత," అంది అవ్వ.

"గవి అమ్మేటివి గావు. తుక్కుకు పోతయి," అన్నాడు సేటు.

అవ్వ ఆటో డ్రైవరును బండి తిప్పమంది. బుడ్డ ట్రాక్టర్ మళ్లీ ఇంటికే వచ్చింది. ఆ ఏడు సాళ్లన్నీ పారతో తవ్వింది, మేమూ బడి మానేసి తవ్వాం, సగం తోట ఎండింది. మరుసటేడు నుంచి ఆ రెండెకరాల్లో పెద్ద ట్రాక్టర్‌తో దున్ని వేసే మక్కలే, మొక్కజొన్నే.

ఇప్పుడు రేషనులో గ్యాసునూనె లేదు. బాపమ్మ లేదు, మా వంకాయ లేదు, ఇంజను నీళ్లలో ఉడికిన పల్లికాయ లేదు. బాపు తిరిగొచ్చి బండిని తుక్కుకు వేసేముందు అవ్వ మూత విప్పి రాగిపట్టీ తీసుకుంది. అది నా వంటింటి మేకుకు వేలాడుతోంది, చుట్టాలు అలంకారం అనుకుంటారు.

పోయిన నెల అవ్వ వచ్చినప్పుడు, ఇన్నేళ్లయినా ఆ సేటు మీద కోపం పోలేదా అని అడిగాను. ఆమె పట్టీని మేకు నుంచి తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ తగిలించింది.

"లేక లేదంటే ఊకుందును బిడ్డా. ఉండంగ లేదన్నడు."