పీచు గంపలకు సుంకం వద్దన్న మావయ్యగారు

మా మావయ్యగారు పోయారు. అంటే నా భర్త తండ్రిగారు, ముమ్మిడివరంలో కొబ్బరి వర్తకం చేసినవారు. పొద్దున్నే కాఫీ తాగుతూ "పంచదార ఎక్కువేసేవమ్మా" అన్నారు. అంతే, గోడకు చేరగిలబడి మరి లేవలేదు. కబురు ఊరంతా పాకకముందే, అందరి దండలకంటే పెద్ద దండ పట్టుకుని వర్తక సంఘం అధ్యక్షుడు దిగాడు. "నా కుడిభుజం పోయిందండీ!" అని వీధి వీధంతా వినేలా ఏడ్చాడు. చావింట్లో కోపం కూడదంటారు. కూడకపోతే పోనీ, నేను రాస్తాను.

తెలియనివాళ్లకు చెప్పాలి. ఎదుర్లంక రేవు దాటితే యానాం. మొన్నమొన్నటిదాకా అది ఫ్రెంచివాళ్లది. యుద్ధం రోజుల్లో ఇంగ్లీషు, ఫ్రెంచి సర్కార్లు రెండూ ఒప్పందం రాసుకుని సరిహద్దు సుంకాలు ఎత్తేశాయి. యానాం ఆడవాళ్లు పడవ దాటి వచ్చి మా కొట్లో కొబ్బరి పీచు కొనుక్కునేవారు. ఇంటికి పోయి తాళ్లు పేని, మళ్లీ ఇటు తెచ్చి అమ్ముకునేవారు. వాళ్ల పొయ్యి వెలిగేది దాంతోనే. స్వరాజ్యం వచ్చాక ఆ ఒప్పందాన్ని ఇక పొడిగించరన్న మాట పుట్టింది.

"పీచు వెళ్లేటప్పుడు సుంకం, తాడై వచ్చేటప్పుడు సుంకం. ఇంక వాళ్లు తినేదేంటమ్మా, గోదారి నీళ్లా?" అన్నారు మావయ్యగారు.

అప్పటినుంచి ఆయనకు అదే ధ్యాస. కాయను చెవి దగ్గర ఆడించి చూడటం ఆయన అలవాటు. ఆ రోజుల్లో కాయ చెవి దగ్గరే ఉండిపోయేది, నోరు మాత్రం ఒప్పందం గురించి మాట్లాడుతూనే ఉండేది. కొనవచ్చినవాడు పాపం, కాయ ఎప్పుడు కిందకు దిగుతుందా అని చూస్తూ నిలబడేవాడు. "గోదారికి ఒడ్డులు రెండైనా గిరాకీ ఒకటేనండీ" అని కనబడిన ప్రతివాడికీ చెప్పేవారు.

సంఘం పెద్దలంతా రోజూ మా వసారాలోనే. ఈ చేత్తో ఎన్ని కాఫీలు కలిపానో ఆ భగవంతుడికే తెలియాలి. సర్కారు మనసు మార్చాలంటే వర్తకులంతా ఒక్కమాట మీద ఉండాలన్నారు మావయ్యగారు. "మీరెటంటే మేమటేనండీ, ఆయ్!" అంటూ అధ్యక్షుడే అందరికంటే ముందు తాంబూలం అందుకున్నాడు. మా వర్తకంలో తాంబూలం పుచ్చుకున్నాడంటే మాట ఇచ్చినట్టే. తర్వాత ధర పడిపోయినా సరుకు ఎత్తవలసిందే.

"సంతకాలు కూడా పెట్టించండి" అన్నారు అత్తయ్యగారు.

"తాంబూలం పుచ్చుకున్న మనిషిని సంతకం అడిగితే తిట్టినట్టు కాదటే?" అని కసిరారాయన.

అదీ ఆయన చేసిన పొరపాటు. మనుషుల్ని నమ్మారు.

వర్తకుల అభిప్రాయం కనుక్కోవడానికి పైనుంచి ఓ అధికారి వచ్చాడు. సంఘం తరఫున అధ్యక్షుడు లేచి, "ఒప్పందం ఉన్నా లేకపోయినా మాకేం ఇబ్బంది లేదండీ. తమరెలా సెలవిస్తే అలాగేనండీ" అన్నాడట. మా కాఫీలు తాగిన పెద్దమనుషులంతా తలలు వంచుకుని కూర్చున్నారట. మావయ్యగారు లేచి, ఒప్పందం కావాలన్నారు.

"మీరొక్కరేనా?" అని అడిగాడు అధికారి.

"ఆయ్. ఒక్కణ్ణేనండీ."

ఇంటికొచ్చి మాకు చెప్పింది ఇంతే. నూతి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కున్నారు. లోపలిదాకా వచ్చి, వెనక్కి వెళ్లి మళ్లీ కడుక్కున్నారు.

ఒప్పందం పోయింది. రేవులో సుంకం చౌకీ వెలిసింది. అధ్యక్షుడు ఎందుకలా మాట తప్పాడో అప్పుడు తెలిసింది. సుంకం ఉంటేనే కదా దొంగసరుకుకు లాభం! ఫ్రెంచి సీసాలూ పట్టుబట్టలూ వాడి పడవల్లో దొడ్డిదారిన దిగాయి, వాడి మేడ మీద ఇంకో మేడ లేచింది. ఖాకీ కోట్ల చౌకీవాళ్ల కళ్లకు ఆ పడవలు ఆనలేదు. పీచు గంపలు మాత్రం ఆనాయి. గంపలు తిరగేసేవారు. ఆడవాళ్లను చేతులు చాపించి ఒళ్లంతా తడిమేవారు. ఛీ! రాయడానికే చెయ్యి రావడం లేదు.

ఓ దీపావళికి అధ్యక్షుడు అత్తయ్యగారికని పట్టుచీర పంపాడు, ఏ పడవలో దిగిందో వేరే చెప్పాలా! మావయ్యగారు నన్ను పట్టకారు తెమ్మన్నారు. ఎందుకో తెలియక తెచ్చి ఇచ్చాను. దాంతో చీర కొస పట్టుకుని, చచ్చిన ఎలకను పారేసినట్టు గుమ్మం అవతల పడేసి, "పట్టకారు బాగా తోమమ్మా" అన్నారు. నాకు నవ్వొచ్చింది గాని ఆయన నవ్వలేదు.

ఆ సుంకం మేరకు పీచు ధర తగ్గించి ఇచ్చేవారు ఆ ఆడవాళ్లకు. కొట్టు ఏమైపోతుందని మా ఆయన గొణిగితే, "వాళ్ల ఒంటి మీద చెయ్యి పడకుండా ఆపలేకపోయేన్రా. ఇదైనా చెయ్యనీ" అన్నారు. ఈ ఒక్కమాటకే ఆయనకు నేను జన్మంతా దణ్ణం పెట్టుకుంటాను.

తర్వాత యానాం మనలో కలిసింది, చౌకీ ఎత్తేశారు.

పెద్దకర్మ నాడు సంతాప సభ అంటూ సంఘంవాళ్లు మా వీధరుగు మీదే చేరారు. "స్వేచ్ఛా వర్తకం కోసం ఆయనా నేనూ భుజం భుజం కలిపి పోరాడేమండీ" అని మొదలెట్టాడు అధ్యక్షుడు. లోపల అత్తయ్యగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. సిగ్గు లేదటయ్యా నీకు, అని అడిగేద్దామని నేను గుమ్మంలోకి వచ్చాను.

అప్పుడే యానాం నుంచి ఓ ముసలామె వచ్చింది. మా కొట్లో పీచు కొనేవాళ్లలో అందరికంటే పాత మనిషి. అత్తయ్యగారిని పలకరించి పోదామని వచ్చింది. మెట్ల దగ్గర అధ్యక్షుడి కాపలావాడు ఖాకీ కోటు తొడుక్కుని నిలబడ్డాడు. ఆమె వాణ్ణి చూసింది. నెత్తి మీది గంప దింపి, దాని మీద కప్పిన గుడ్డ తీసి పక్కన పెట్టింది. రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది.

అరుగు మీద ఉపన్యాసం ఆగిపోయింది.

"ఇక్కడ నిన్నెవరూ తడమరు మామ్మా, లోపలికి రా" అన్నాను.

"అలాగేనమ్మా" అంది. చేతులు మాత్రం దించలేదు.