మాబు సాబ్ భయాలు

మాబు సాబ్ చేతులు జీను పట్టీని గుర్రం పొట్ట కిందినుంచి లాగి బిగిస్తున్నాయి. ఆ చేతుల్లో వణుకు లేదు, తడబాటు లేదు. నోరు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

"నాకు భయంగా ఉండాది తల్లీ. శానా భయంగా ఉండాది. నువ్వు తన్నితే నా గతేం గావల్ల?"

కుందుర్పి చుట్టుపక్కల గుర్రాలను మాలిమి చేయడంలో మాబు సాబ్‌ను మించినవాడు లేడు. భయపడడంలోనూ లేడు. మొదటి సంగతి ఊళ్ళోవాళ్ళు చెప్పాలి. రెండోది ఆయనే చెప్పుకుంటాడు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ. బస్సెక్కితే భయమంటాడు, దిగితే భయమంటాడు. మంగలి కత్తి నూరితే భయమంటాడు. పెళ్ళింట్లో పులుసు వడ్డించేవాడిని చూసి, "మెల్లగా పొయ్యప్పా, భయంగా ఉండాది" అంటాడు. ఆయన భార్య హలీమాబీ చెప్పేదాన్ని బట్టి, నిఖా నాడు ఖాజీ అందరి ముందూ "కబూలేనా?" అని సమ్మతి అడిగితే, "భయంగా ఉండాది... కబూల్" అన్నాడట.

"తెర వెనకాల నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నా. పెండ్లికూతురు ఏడుస్తాందని మా అత్తలంతా నన్ను ఓదార్చిరి" అని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

ఒకసారి ఎవరో పోలీసు అధికారి తన గుర్రాన్ని తెచ్చి, దీని పొగరు దించాలన్నాడు. మాబు సాబ్ దాని చుట్టూ ఓపిగ్గా తిరిగి చూసి, "భయంగా ఉండాది సార్" అన్నాడు.

"గుర్రమంటేనా?"

"కాదు సార్, మీ చేతిలో కొరడా అంటే. దానికీ అదే అనుకుంటా."

అధికారి కొరడాను జీపులో పెట్టి వచ్చేదాకా సాబ్ ఆ గుర్రాన్ని ముట్టుకోలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. ఇప్పుడు ఆయన జీను బిగిస్తున్న గుర్రం ఎర్రన్న అనే ఆసామిది. లేత ఆడగుర్రం. ఒళ్ళంతా నలుపు, నుదుట తెల్లచుక్క. అందుకే పేరు చుక్కి. జీను మీద మనిషి కూర్చోవడం దానికి ఆ పొద్దే మొదలు.

గుర్రం యజమాని ఎర్రన్న వాగు ఎండి ఇసక తేలిన వంక గట్టు మీద, తుమ్మచెట్టు వెనకాల నిలబడి చూస్తున్నాడు. రోజూ అక్కడే నిలబడతాడు. నీడ కోసమని చెప్పుకుంటాడు. తుమ్మచెట్టు నీడ ఎంత ఉంటుందో ఆ సీమలో మేకలకు కూడా తెలుసు.

ఎర్రన్న బాధ ఎర్రన్నది. వాళ్ళ నాయన వీరప్ప గుర్రమెక్కితే, గుర్రానికే మనిషి మొలిచినట్టుండేదని ఊరు ఊరంతా చెప్పుకునేది. ఆ వీరప్పే ఒకనాడు పసివాడైన కొడుకును ఎత్తి, మాలిమి కాని గుర్రం మీద కూర్చోబెట్టాడు. గుర్రం వాడిని తీసుకుపోయి జెముడు పొదలో వేసింది. ముళ్ళు తీస్తూ వీరప్ప, "నా కొడుకు ఏడ్వడు" అని నలుగురి ముందూ ప్రకటించాడు. ఎర్రన్న ఏడవలేదు. మళ్ళీ గుర్రమూ ఎక్కలేదు. తల నెరుస్తున్న ఈ వయసు దాకా ఎద్దులబండి మీదే తిరిగాడు. ఎవరన్నా అడిగితే, "బండిలో పండుకోని పోవచ్చు, గుర్రం మీద పండుకుంటావా?" అనేవాడు. అసలు సంగతి పెళ్ళాం తిమ్మక్కకు కూడా చెప్పలేదు.

అంత జాగ్రత్తగా దాచుకున్నవాడు జాతరలో నోరు జారాడు. తిమ్మక్క తమ్ముడు దాసప్పకు అనంతపురంలో జట్కాలున్నాయి. బావను ఏడిపించడం అతనికి అన్నం తిన్నంత సులువు. అక్కడ అమ్మకానికి కట్టిన చుక్కిని చూపించాడు.

"ఈ పిల్లను సూడు బావా. మీ నాయన ఉండింటే ఇడిసిపెడతాండెనా? నీకేం తెలుస్తాదిలే, నువ్వు ఎద్దుల తోకలు తిప్పేటోడివి."

జనం నవ్వారు. ఎర్రన్నకు ఒళ్ళు మండింది.

"దీన్ని నేనే కొంటా. నేనే ఎక్కుతా."

"ఎప్పుడు?"

"శెనక్కాయలు పీకేలోపల."

"ఎక్కలేకపోతే?"

"నీ జట్కాకు కట్టుకో, పో!"

ఆ మాట అన్న క్షణం నుంచి ఎర్రన్నకు తిండి సయించడంలేదు. దాసప్ప జట్కా గుర్రాలను అతను రైలు స్టేషన్ ముందు చూశాడు. మోకాళ్ళ మీద పుండ్లు, పక్కటెముకల మీద దెబ్బలు, ఎర్రటి ఎండలో నోటికి నీళ్ళు లేక నురగలు. చుక్కికి రోజూ ఉలవలు తెచ్చిపెట్టేది ఎర్రన్నే. కొట్టం గోడకు ఇవతల నిలబడి, చెయ్యి సాచి పెట్టేవాడు. అది అరచేతిని మెత్తగా నాకి, ఇంకా ఉన్నాయా అన్నట్టు చూసేది. ఆ చూపు గుర్తొస్తే దాన్ని జట్కాకు ఇవ్వబుద్ధి కాదు. అలాగని ఎక్కబుద్ధీ కాదు.

అందుకే వంక దగ్గరికి వచ్చినప్పుడల్లా మాబు సాబ్‌ను అదే అడిగేవాడు.

"సాబూ, ఇంకా లేతది కదా. కొన్నాళ్ళు ఆగుదామా?"

"ఆగుదామప్పా. నాకూ భయంగానే ఉండాది."

తనకంటే పిరికివాడు లోకంలో ఇంకొకడున్నాడన్న ధైర్యంతో ఎర్రన్న ఇంటికి పోయి కాస్త గంజి తాగేవాడు.

అయితే మాబు సాబ్ భయం ఒక పక్క, పని ఒక పక్క. ముందు చుక్కి వీపున పాత కంబళి వేశాడు. అది అలవాటయ్యాక ఉత్త జీను, ఆ పైన రాగుల మూట. తర్వాత తానే దాని వీపు మీద ఉతికిన గుడ్డ ఆరేసినట్టు బోర్లా పడి వేలాడాడు. ప్రతిసారీ ముందుగా దాని భుజం మీద అరచెయ్యి ఆనించి, "భయంగా ఉండాది" అని సాగదీసి చెప్పి, అది కదలకుండా నిలబడితే బెల్లం ముక్క పెట్టేవాడు. ఇదంతా వంక ఇసకలోనే. "గట్టి నేల మీద మొదలుపెట్టగూడదప్పా. ఇసకలో గుర్రం ఎగరలేదు, మనిషి పడినా లేస్తాడు" అనేవాడు.

ఆ పొద్దు పట్టీ బిగించడం అయింది. సాబ్ జీనుకు వేలాడే రికాబులో కాలు పెట్టాడు. గట్టు మీద ఎర్రన్న తుమ్మచెట్టును కరుచుకున్నాడు. ముల్లు గుచ్చుకున్నా తెలియలేదు.

సాబ్ పైకి లేచి, జీనులో మెల్లగా, గుడ్ల గంప దించినట్టు తన బరువు దించాడు. చుక్కి చెవులు వెనక్కి పోయాయి. ఒక్క క్షణం రాయిలా నిలబడింది. మరుక్షణం వీపు విల్లులా వంచి ఎగిరింది. సాబ్ తలగుడ్డ ఒక దిక్కు, సాబ్ ఒక దిక్కు.

"అయ్యో, సచ్చినాడు!" అని ఎర్రన్న అరిచాడు. అరిచాడే గానీ గట్టు దిగలేదు.

మాబు సాబ్ ఇసక దులుపుకుని లేచి, నేరుగా చుక్కి దగ్గరికి నడిచాడు.

"ముందే చెప్పినా కదమ్మా, భయమని? నువ్వు ఇనకపోతే నేనేం జేతు?"

మళ్ళీ భుజం మీద చెయ్యి. మళ్ళీ అదే మాట. మళ్ళీ రికాబులో కాలు. ఈసారి చుక్కి ఒళ్ళంతా వణికింది గానీ ఎగరలేదు. ముక్కుపుటాలు పొంగించి పెద్దగా ఊపిరి వదిలింది. ఆపైన ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. సాబ్ దాని మెడ నిమురుతూ వంక మలుపు దాకా పోయి తిరిగొచ్చాడు.

"నీ గుర్రం తయారయితాంది ఎర్రన్నా!"

ఎర్రన్న తుమ్మచెట్టును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

శెనక్కాయలు పీకే కాలం రానే వచ్చింది. దాసప్ప అనంతపురం నుంచి బస్సు దిగి, చేతిలో కొత్త పలుపుతాడు తిప్పుకుంటూ నేరుగా వంకకే వచ్చాడు. వెనకాలే సగం ఊరు.

ఎర్రన్న గట్టు దిగాడు. తెల్లపంచె గోచీ బిగించాడు, దవడ కూడా బిగించాడు. నాయన ఎక్కేటప్పుడు మాట్లాడేవాడు కాదు కాబట్టి తానూ మాట్లాడదలచుకోలేదు. ఊపిరి బిగబట్టి రికాబులో కాలు పెట్టాడు. చుక్కి పక్కకు జరిగింది. ఒంటికాలి మీద గెంతుతూ వెంటపడ్డాడు. అది ఇంకా జరిగింది.

"ఏం బావా, ఎక్కుతావా, ప్రదక్షిణాలు చేస్తావా? టెంకాయ తెమ్మంటావా?" అన్నాడు దాసప్ప.

జనం గొల్లుమన్నారు. ఎర్రన్న మళ్ళీ కాలు పెట్టాడు. చుక్కి కళ్ళల్లో తెల్లగుడ్డు కనబడింది. దాసప్ప పలుపుతాడు విప్పుకుంటూ ముందుకొచ్చాడు.

అప్పుడు మాబు సాబ్ నెత్తి కొట్టుకున్నాడు.

"తప్పు నాదప్పా! ఎక్కే ముందర ఒక మాట చెప్తేనే ఇది నిలబడుతాది. అట్ల అలవాటయింది."

"ఏం మాట?" అన్నాడు ఎర్రన్న.

"ఇంకేం మాట? నేనెప్పుడూ చెప్పే మాటే."

నవ్వు ఈసారి వంక అవతలి గట్టుకు కొట్టుకుని తిరిగొచ్చింది. వీరప్ప కొడుకు, ఊరందరి ముందు, ఆ మాట చెప్పాలి! ఎర్రన్న చుట్టూ చూశాడు. దాసప్ప చేతిలో తాడు చూశాడు. చుక్కి వైపు తిరిగి గొణిగాడు.

"గుర్రానికే ఇనపళ్ళేదు, నాకేం ఇనపడుతాది?" అన్నాడు సాబ్. "చెయ్యి భుజం మీద పెట్టు. నిదానంగా చెప్పు."

ఎర్రన్న చెయ్యి ఆనించాడు. గోడ అడ్డం లేకుండా దాన్ని చేత్తో తాకడం అదే మొదటిసారి. వెచ్చగా ఉంది. లోపల ఎక్కడో దాని గుండె తనదాని మాదిరే కొట్టుకుంటోంది.

"నాకు భయంగా ఉండాది" అన్నాడు. "శానా భయంగా ఉండాది తల్లీ. ఎప్పటినుంచో ఉండాది."

ఎన్నేళ్ళుగానో బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చింది. చుక్కి కూడా ముక్కులోంచి బుస్సున ఊపిరి వదిలి, తల దించి, గుడి ముందు బసవన్నలా నిలబడింది. ఎర్రన్న ఎక్కాడు. జీనులో బరువు దిగింది. అది కదల్లేదు. అతను మడమ తాకించాక నడిచింది. మలుపు దాకా పోయి వచ్చేసరికి నవ్వేవాళ్ళెవరూ లేరు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

"ఇదంతా నాటకం" అన్నాడు దాసప్ప. "దింపు, నేనెక్కుతా."

"ఎక్కప్పా," అని మాబు సాబ్ ఎర్రన్నను దింపి దారిచ్చాడు. "ముందు ఆ మాట చెప్పు."

"నేనా? దాసప్పా? నాకేం భయం?"

"లేకపోతే ఎట్ల? దానికి చెప్పల్ల కదా."

దాసప్ప జనం వైపు చూశాడు, గుర్రం వైపు చూశాడు. మీసం దువ్వుకుని, మాట చెప్పకుండానే కాలెత్తాడు. చుక్కి పక్కకు తప్పుకుంది. దాసప్ప కాలు గాల్లో వేసి ఇసకలో కూర్చున్నాడు. లేచి, తాడు చుట్టుకుని, ఇట్లాంటి పిచ్చి గుర్రం తన జట్కాకు అక్కర్లేదని ప్రకటించి, బస్సుకు టైమయిందంటూ వెళ్ళిపోయాడు.

జనం కదిలాక ఎర్రన్న ఆ మాట చెప్పి మళ్ళీ ఎక్కాడు. హలీమాబీ చుక్కికి నీళ్ళ బకెట్ తెచ్చింది.

"ఎర్రన్నా, మా ఇంట్లో గుర్రాలన్నీ 'హో' అంటే నిలబడతాయి. దీనికొక్కదానికే ఈయప్ప ఆ మాట నేర్పినాడు. ఎందుకయ్యా అంటే, ఎర్రన్నకు పనికొస్తాదిలే అనె."

"నువ్వు ఊరికే ఉండే," అని కసిరాడు మాబు సాబ్.

ఎర్రన్న జీను మీదనే నోరు తెరిచాడు. "నీకెట్ల తెలిసె సాబూ?"

"మొదటి పొద్దు పగ్గం నా చేతికిచ్చినావు సూడు, నీ అరచెయ్యి తడిసిపోయి ఉండె. వానే రాని ఈ సీమలో చెమట ఉత్తపుణ్యానికి రాదప్పా."

"అంటే నీకేం భయం లేదా?"

"ఎందుకు లేదు? గుర్రమెక్కే ప్రతోనికీ ఉంటాది. ఊపిరి బిగబట్టి ఎక్కితే దానికీ భయమే. చెప్పుకుంటే ఊపిరి బయటికొస్తాది. నా దగ్గరికొచ్చేటోళ్ళు ఎవరూ నోరిప్పి చెప్పరు. ఒకడన్నా ముందు చెప్పల్ల కదా. అందుకే నేను చెప్తాంటా."

"పులుసు పోసేటోనికి కూడానా?"

"అది నిజమే. వేడి పులుసంటే నాకు భయం."

మాబు సాబ్ రికాబు తోలును ఎర్రన్న కాలికి సరిపోయేలా పొడిగించాడు. పట్టీ కింద వేలు దూర్చి బిగువు చూశాడు. జీను అంచున అంటిన ఇసకను తలగుడ్డతో తుడిచాడు. ఇంకేమన్నా మిగిలిందా అని చుట్టూ ఒకసారి తిరిగి, పగ్గాలు తీసి ఎర్రన్న చేతిలో పెట్టాడు.

"అప్పగించినా. ఇంక ఇది నీది."

ఎర్రన్న ఊరి వైపు చూశాడు. బజారు పొడవునా జనం వాకిళ్ళలోకి వచ్చి నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు తిమ్మక్క.

"బజార్లో పోవల్లంటే భయంగా ఉండాది సాబూ."

"మంచిదప్పా," అన్నాడు మాబు సాబ్, పగ్గం మీదినుంచి చెయ్యి తీసేస్తూ. "పో."