మేస్త్రి గుర్తు పెట్టిన ఫ్యాను

ఆ షెడ్ల వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ టంగత్త. ఏ ఇనప ముక్క చేతికిచ్చినా స్పానరుతో ఒక్కటిచ్చి, తల ఓరగా పెట్టి వినడం ఆమె అలవాటు. గట్టి ఇనుము టంగుమంటుంది. లోపల పగులున్నది టప్పుమని ఊరుకుంటుంది. కుండ కొనేవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పనే ఇది. కుండ దగ్గర తెలివి అనిపించుకున్నది ఇనుము దగ్గరికొచ్చేసరికి పిచ్చి అయిపోయింది. ఆడమనిషి చేస్తే మరీను.

ముప్పయ్యేళ్ళు మేస్త్రి అయిన భర్త పక్కన నిలబడి ఇనుము చెక్కే లేత్ నడిపింది. ఆయన పోయి ఏడాది తిరగకముందే షెడ్డు తాళాల మీద మరిది కన్ను పడింది.

"నువ్వు లేత్ దగ్గర కూర్చో వదినా, ఎవరు కాదన్నారు? ఇంజన్ విప్పి బిగించడం వేరే సంగతి. అన్న ఉన్నాడు కాబట్టి సాగింది."

"ఆయన విప్పితే బిగించిందెవరనుకున్నావు?"

"అయితే ఆదివారం అన్న కారు ఎక్కు. కొండ మీద నీళ్ళ ట్యాంకు దాకా ఉడక్కుండా తీసుకెళ్ళు. ఎక్కిందా, నువ్వే మేస్త్రివి, నేను నోరెత్తను. ఎక్కలేదా, తాళాలు నాకు."

"సరే."

ఆ ఒక్క మాట అనడానికి ఆమె చేతిలో పని కూడా ఆపలేదు. పక్క కొట్టు టైర్ల బాబాయి మాత్రం నోట్లో నీళ్ళు మింగడం మరిచిపోయాడు.

అన్న కారంటే షెడ్డు మూలన గోనెపట్టా కప్పుకుని ఉండే ఆకుపచ్చ ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, ఎక్కడం కాదు, దిగడమే అనాలి. తుక్కుగా వచ్చినదాన్ని మేస్త్రి రాత్రీ పగలూ కూర్చుని మనిషిని చేశాడు. కానీ ముసురూ మంచూ తప్ప ఎండ మొహం ఎరగని చోట పుట్టిన బండి అది. ఇక్కడ నాలుగు మలుపులు తిరిగేసరికి అన్నం కుండలా కుతకుతలాడేది. మేస్త్రి ఎండను నాలుగు తిట్టి, రేడియేటర్‌లో నీళ్ళు పోసి, మళ్ళీ నడిపేవాడు. ఎండదే తప్పని ఆయన నమ్మాడు. ఆయన నమ్మాడు కాబట్టి వీధి నమ్మింది. లోకంలో సగం సత్యాలు ఇలాగే పుడతాయి.

ఆమె రేడియేటర్ దింపి, దాని వెనకున్న ఫ్యాను విప్పింది. ఇంజన్‌తో పాటు తిరుగుతూ, ముందు నుంచి గాలిని రేడియేటర్ గుండా లోపలికి లాగడం దాని పని. నాలుగు ఇనప రెక్కలు. తీగకు వేలాడదీసి ఒక్కో రెక్కనూ కొట్టింది. టంగు. టంగు. టంగు. టప్పు.

నాలుగో రెక్క మొదట్లో కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లింది. తెల్లటి పొడిలో వెంట్రుక మందాన నల్లటి గీత తేలింది.

"ఈ రెక్క ఊడితే బానెట్ చీల్చుకుని వచ్చేది బాబాయ్."

"అందుకే చెప్తున్నానమ్మా, కరెంటుతో తిరిగే ఫ్యాను పెట్టెయ్. అందరూ అదే చేస్తున్నారు."

"తలనొప్పి వచ్చిందని తల మారుస్తావా నువ్వు?"

"మా ఆవిడైతే మార్చమనే అంటుంది."

తుక్కు కొట్టులో అలాంటి కారుదే ఇంకో ఫ్యాను దొరికింది. నాలుగు రెక్కలూ టంగుమన్నాక గానీ తీసుకోలేదు. పాతదాని మీద ఒక వైపు మేస్త్రి తెల్లరంగుతో చుక్క పెట్టాడు. అది రేడియేటర్ వైపు ఉండాలని ఆయన గుర్తు. కొత్తదాని మీదా ఆ వైపే చుక్క పెట్టి, ఆయన బిగించినట్టే బిగించింది. ఇంజన్ వేసి రేడియేటర్ ముందు పాత పేపరు ముక్క పట్టుకుంది. పేపరు జాలీకి అతుక్కుంది. అంటే గాలి లోపలికే లాగుతోంది. ఇంకేం కావాలి?

శుక్రవారం పరీక్షకని తీసుకెళ్తే, కొండ మీద మూడో మలుపులో కారు బుస్సుమంది.

మరిది వెనకే స్కూటర్ మీద వచ్చాడు, హ్యాండిల్‌కి నీళ్ళ డబ్బా తగిలించుకుని. "పోయనా వదినా? అన్నకి పోసీ పోసీ నా చెయ్యి అలవాటు పడిపోయింది."

"అక్కడ పెట్టి వెళ్ళు. పోసుకోవడం నాకూ వచ్చు."

ఆ సాయంత్రం పెరట్లో తొట్టి దగ్గర చేతుల జిడ్డు కడుక్కుంటూ ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది. అరచేత్తో నీళ్ళను తోసింది. తొట్టి అంచు దాటి పడ్డాయి. చెయ్యి తిప్పి, వెనక వైపుతో తోసింది. నీళ్ళు అటే కదిలాయి, కానీ బద్ధకంగా, సగం పక్కలకు జారిపోతూ. మళ్ళీ అరచెయ్యి. మళ్ళీ వెనక వైపు. గుడ్డ కోసం చూడకుండా చీరకే చేతులు తుడుచుకుంటూ షెడ్డుకు నడిచింది.

ఫ్యాను రెక్క కూడా అరచెయ్యి లాంటిదే, ఒక వైపు గుంట. ఆ గుంట గాలి వెళ్ళే వైపు, అంటే ఇంజన్ వైపు, ఉండాలి. మేస్త్రి చుక్క పెట్టింది గుంట ఉన్న వైపే. తిరగేసి బిగించినా ఫ్యాను గాలిని అటే తోస్తుంది, అందుకే పేపరు అబద్ధమాడలేదు. సగం నిజం చెప్పిందంతే. సరైన వైపు పెట్టి చూస్తే రెక్కలు రేడియేటర్‌ను గీరుతున్నాయి. పదేళ్ళ కిందట ఆయన ఎందుకు తిరగేశాడో అప్పుడర్థమైంది.

శనివారం పొద్దున్నే ఫ్యాను వెనకుండే అల్యూమినియం రింగును లేత్‌కి ఎక్కించింది. అది సగానికి పల్చబడ్డాక ఫ్యాను వెనక్కి జరిగి, రెక్కకూ రేడియేటర్‌కూ మధ్య వేలు దూరింది. అప్పుడొచ్చాడు మరిది. తెల్లచుక్క ఇంజన్ వైపు తిరిగి ఉండటం చూశాడు.

"ఇదేంటి? అన్న పెట్టిన గుర్తు తప్పంటావా?"

"తప్పు."

"పదేళ్ళు నడిపాడు వదినా!"

"పదేళ్ళు నీళ్ళు పోశాడు. నువ్వే అందించావుగా."

"పోయిన మనిషిని పట్టుకుని..."

"పోయాడని తప్పు ఒప్పవుతుందా? ఆయనతో కాపురం చేసింది నేను. ఆయన ముందు నిలబడి కూడా ఇదే మాట అనేదాన్ని. తిట్టేవాడు, అన్నం మానేసేవాడు, మర్నాడు తనే తిప్పి బిగించేవాడు. మేస్త్రి అంటే అదీ. గుర్తుకు దణ్ణం పెట్టుకుంటూ కూర్చునేవాడు కాదు."

ఆమె చివరి బోల్టు బిగించేసింది.

ఆదివారం పదింటికి కారు కదిలింది. పక్క సీట్లో మరిది, నీళ్ళ డబ్బా ఒళ్ళో పెట్టుకుని. మొదటి మలుపు. రెండోది. మూడో మలుపులో శుక్రవారం పడ్డ నీళ్ళ మరక ఇంకా తెల్లగా కనిపిస్తూనే ఉంది. వేడి చూపే ముల్లు సగానికొచ్చి నిలబడింది. మరిది దాని మీదనుంచి కళ్ళు తీయలేదు, అది తన మాటైనా వింటుందేమోనని. నాలుగో మలుపులో ముల్లు కొంచెం లేచింది. ఆమె గేరు మార్చింది, ఊపిరి మార్చలేదు. ముల్లు మళ్ళీ సగానికి దిగింది.

ట్యాంకు నీడలో కారు ఆపి, ఇంజన్ ఆపకుండా దిగింది. బానెట్ ఎత్తింది. ఫ్యాను గాలికి ఆమె నెరిసిన జుట్టంతా చెదిరిపోయింది.

"ఇవాళ గాలి చల్లగా ఉంది. అందుకే." మరిది అన్నాడు.

"అలాగా? రేపు మిట్టమధ్యాహ్నం వద్దాం. ఎల్లుండి కూడా. నాకేం పని లేదు."

అతను డబ్బా మూత తిప్పాడు, మళ్ళీ బిగించాడు. చివరికి తనే గటగటా నాలుగు గుక్కలు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"పని లేకపోవడమేంటి? నిన్న ఒక లారీ వచ్చింది. ఇంజన్ హెడ్డు పగిలిందని నేను, కాదని డ్రైవరు." డబ్బా సీట్లో పడేశాడు. "నువ్వొచ్చి ఒకసారి కొట్టి విను."