వహీబా మూసేసిన కిటికీ

వహీబా కైరోలో మేడ కట్టుకుందనేది ఒట్టి మాట. మతి పోయిందనేది అంతకన్నా పెద్ద అబద్ధం. ఆవిడ మన రషీద్ ఊళ్లోనే ఉంది. చేపల బజారు వెనక వీధిలో, ఏటివైపు కిటికీకి ఇటుకలు పేర్చేసుకుని కూర్చుంది.

మొదట్లో ఆవిడ బట్టలకి గుండీలు కుట్టేది. పొరుగింటి ఇన్సాఫ్ పొయ్యి దగ్గర రొట్టెల కోసం కాచుకున్న పిల్లలకి కథలు చెప్పేది. అవే తర్వాత పుస్తకాలయ్యాయి. ఉప్పుచేప దొంగిలించిన పిల్లి, పెళ్లికి రానని మొరాయించిన గాడిద... అరబ్బీ కూడబలుక్కుని చదివే పిల్లలు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. ఆఖరి పుస్తకం మాత్రం నైలు నీళ్లలోంచి పేరు పెట్టి పిలిచే ఆడదయ్యం నద్దాహా కథ. ఆ పిలుపు సంగతి మనందరికీ తెలిసిందే. రెండుసార్లు పిలిస్తే ఓర్చుకోవచ్చు, మూడోసారి కాళ్లు మన మాట వినవు.

కథలో పిల్లకి ముద్దుకొద్దీ ఇన్సాఫ్ కూతురు షాహందా పేరు పెట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది, తల్లి పేరు కూడా కలిపింది. మనలో పిల్లల్ని తండ్రి పేరుతో చెప్పుకుంటాం. తల్లి పేరు కలిపేది మంత్రం వేసేవాడొక్కడే.

ఎదుటి బడిలో ఆ పుస్తకం చదివించారు. పిల్లలంతా ఒక్క గొంతుతో, "షాహందా, ఇన్సాఫ్ కూతురా, రావే!" అని మూడుసార్లు అరిచారు. మిట్టమధ్యాహ్నం. షాహందా రొట్టెల తట్ట కింద పెట్టి ఏటివైపు నడిచింది. మోకాళ్లదాకా నీళ్లలో దిగాక ఇన్సాఫ్ వెళ్లి జబ్బ పట్టుకుంది.

"ఎక్కడికే?"

"అమ్మ పిలుస్తోంది," అంది పిల్ల, తల్లి మొహంలోకి చూస్తూనే.

ఇన్సాఫ్ పిండి చేతులతోనే వహీబా మీదికొచ్చింది. "గాడిదలూ పిల్లులూ అయిపోయాయా అక్కా, నా పిల్ల దొరికిందా?"

"ముద్దుకి రాశానే..."

"అంత ముద్దైతే మీ అమ్మ పేరు రాసుకోకపోయావా!"

వహీబా బడికి పరిగెత్తింది. పంతులు నవ్వాడు. "ఇక్కడ ఆపిస్తానమ్మా. పుస్తకం దేశమంతా పోయింది. మిగతా బళ్లలో ఎవరాపుతారు?"

మర్నాడు ఎదుటి బడిలో ఆ కథ ఎవరూ చదవలేదు. అయినా పిల్ల లేచి ఏటివైపు నడిచింది.

ఈసారి వహీబా దానికన్నా ముందు రేవు మెట్లు దిగి నీళ్లకేసి అరిచింది. "దాన్నొదులు! రాసింది నేను. వహీబాని, జలీలా కూతుర్ని. పిలిస్తే నన్ను పిలువు!"

నీళ్లు చప్పుడు మానేశాయి. వెనకనుంచి షాహందా, "పెద్దమ్మా, ఆకలేస్తోంది," అంది.

పిల్ల ఇప్పుడు నిక్షేపంగా ఉంది. వహీబా మళ్లీ కలం పట్టలేదు. ఇన్సాఫే రోజూ వేడి రొట్టె, చిక్కుడు గింజల కూర తెచ్చి దగ్గర కూర్చుని తినిపిస్తుంది. మొన్న తింటూ తింటూ వహీబా తల పక్కకి వంచింది.

"ఏంటక్కా?"

"ఏం లేదే. రెండోది," అంది రొట్టె తుంచుకుంటూ.

అటుగా వెళ్లినప్పుడు ఆవిణ్ణి ఒకసారి చూసి రండి. తలుపు తట్టండి, దగ్గండి, లోపలికెళ్లి ఓ ముద్ద తినండి. గుమ్మంలో నిలబడి పేరు పెట్టి మాత్రం పిలవకండి.