దొర తోట మిద్దె

కార్వార్‌కు దక్షిణాన ఉన్న ఒక బెస్తపల్లెలో మేము లారీ దిగింది అరవై ఒకటిలో, వానలు తగ్గాక, మధ్యాహ్నం రెండింటికి. మొత్తం తొమ్మిదిమందిమి. మనిషికో త్రీనాట్‌త్రీ రైఫిలు, యాభై తూటాలు. అందరికీ కలిపి రెండు వైర్‌లెస్ సెట్లు. ఎదురుగా మైలున్నర దూరంలో పోర్చుగీసు నౌకాదళం ఉన్న దీవి. దాన్ని కనిపెట్టి ఉండడమే మా పని.

దీవి బాగా కనిపించే చోటు ఒక్కటే, ఒడ్డున కొబ్బరితోటలో ఉన్న మిద్దె. నేల మన దేశానిదే. పత్రాలు మాత్రం గోవాలో ఉండే ఒక పోర్చుగీసు దొర పేరున ఉన్నాయి. గేటుకు తాళం. లోపల కాపలా ముసలాయన ఒక్కడే. మిద్దె మీద మనిషిని పెడతామని మా హవల్దారు మూడుసార్లు పైకి రాశాడు. పరాయి దేశస్థుడి ఆస్తి, అనుమతి వచ్చేదాకా అడుగు పెట్టొద్దని మూడుసార్లూ జవాబొచ్చింది.

ఈలోగా దీవి నుంచి చేపల పడవల మీద కాల్పులు మొదలయ్యాయి. సంగతి చూడమని హవల్దారు వైర్‌లెస్ సిపాయికి పంచె కట్టించి ఒక పడవలో పంపాడు. వాడిది బాగేపల్లి. నాది చింతామణి దగ్గర కెంచార్లహళ్ళి. రెండూ కన్నడసీమలో తెలుగు మాట్లాడే ఊళ్లు. సెట్టులో ఇద్దరం మా ఊరి తెలుగే మాట్లాడుకునేవాళ్లం.

పొద్దున ఆరూ పదికి పడవ కదిలింది. ఆరున్నరకు ఒడ్డున నా దగ్గరున్న సెట్టులో వాడి గొంతు వినిపించింది.

"మేము వస్తామని ముందే తెలిసినట్లుండాదప్పా. గన్ను మా తట్టే తిప్పుతాండారు."

వెనక్కి రమ్మన్నాను.

"వస్తాండాము. నీ యెనక మిద్దె మీద ఆ తెల్లగుడ్డ యాడిది?"

తిరిగి చూశాను. గుడ్డ ఎగురుతోంది. అంతలోనే మెషిన్‌గన్ మోగింది. పడవ చెక్కలు చెక్కలైంది. అందులో ఉన్న బెస్తలిద్దరూ మళ్లీ తేలలేదు. వాడిని అలలు ఒడ్డు దగ్గరికి తెచ్చాయి. రొమ్ములోతు నీళ్లలోకి దిగి లాక్కొచ్చాం. కడుపు చీలిపోయింది. బయటికొచ్చిన పేగులను నా చేతులతోనే లోపలికి నెట్టి పంచెతో కట్టాను. ఏడు కాకముందే పోయాడు.

ఇక ఎవరి అనుమతీ అడగలేదు. తాళం పగలగొట్టి లోపలికి వెళ్లాం. ముసలాయనకు కన్నడం వచ్చు. మాలో కన్నడం వచ్చినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే. గుడ్డ ఎవరు కట్టారని అడిగాను. తానేనన్నాడు. పడవలు బయల్దేరినప్పుడల్లా కట్టమని దొర చెప్పాడట, దీవిలోవాళ్లు చేపలు కొనుక్కోవడానికట.

ఏమంటున్నాడని హవల్దారు అడిగాడు. తానే కట్టానంటున్నాడని చెప్పాను. మిగతాది చెప్పలేదు. రైఫిలు మడమతో నోటి మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. హవల్దారు నన్ను వెనక్కి లాగాడు.

ఆ ఏడు ముగియకముందే దీవి మనవాళ్ల చేతికొచ్చింది. సెలవు దొరకగానే బాగేపల్లి వెళ్లాను. వాడి నాయన చేనులో శనక్కాయలు పీకుతున్నాడు. అన్నీ విన్నాడు.

"మన నేల మీద వాళ్లకి మిద్దె యట్లొచ్చెనప్పా?"

"కొన్నారంటప్పా. పత్రాలన్నీ సరిగానే ఉండాయంట."

"గుడ్డ కట్టినోడు తెలిసే కట్టినాడా?"

"తెలిసే కట్టినాడు" అన్నాను.

ఆ మాట అన్నప్పుడూ, ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడూ నాకు కనబడేది ఒకటే. మిద్దె ముంగిట్లో ఎండబెట్టిన కొబ్బరిచిప్పల మధ్య ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతున్నాడు. ఊడిన పన్ను ఒకటి దొరికింది. దాన్ని పంచెకు తుడిచి పిడికిట్లో పెట్టుకున్నాడు. రెండోది యాడ పడిందో కాస్త చూడమని, నెత్తురు నోటితో కన్నడంలో నన్నే అడిగాడు.